పై గిన్నెలో నీళ్లు

జనవరి 8

మేనకోడలు పిడుగుకి మామయ్య ఆశీస్సులు.

ఇక్కడ నేనూ మీ అత్తయ్యా కులాసా. అత్తయ్య ఎంత కులాసా అంటే, పొద్దున నా చేత మూడు చొక్కాలు మార్పించింది. ఆసుపత్రి నుంచి వచ్చి ఏడాది కాలేదు, గొంతు మాత్రం ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లి పెళ్లినాటి గొంతులా ఖంగుమంటోంది. నాకు ఆనందంగానే ఉంది, ఆవిడకి చెప్పకు.

నీతో పనిబడి రాస్తున్నాను. ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. ఫోన్లో నువ్వు "ఊఁ, ఊఁ" అంటూ ఇంకేదో చదువుకుంటావని నాకు తెలుసు. కాగితమైతే తప్పించుకోలేవు.

అత్తయ్య ఉన్న ఆసుపత్రిలో మూడో అంతస్తులో దుప్పట్లు పెట్టే గది ఖాళీ చేశారు. రోగుల తాలూకు మనుషులు కూర్చుని ప్రార్థించుకోవడానికట. అత్తయ్య పడుకున్న ఏడు వారాలూ నేను లిఫ్టు పక్క మెట్ల మీదే కూర్చున్నాను కదా, అక్కడ వినబడేవి రెండే. లిఫ్టు గంట, లోపలి మిషన్ల కూత. ఇంకేదైనా ఒక చప్పుడు చెవిన పడితే బాగుండునని రోజూ అనుకునేవాణ్ణి. అందుకే గది సంగతి తెలియగానే సూపరింటెండెంటమ్మ దగ్గరికి పరుగెత్తి, అందులో ఫౌంటెన్ నేను కట్టిస్తానన్నాను. నలభై ఏళ్లుగా పార్కులకీ హోటళ్లకీ కట్టాను. ఇదొక్కటి మెట్ల మీద కూర్చున్నవాళ్ల కోసం కట్టాలని ఉంది.

ఆవిడ సరేనంది గానీ కమిటీ ఒప్పుకోవాలంది. కమిటీ అంటే ముగ్గురు. చర్చి పాస్టర్ గారు, మసీదు ఇమామ్ గారు, యూదుల గురువు రబ్బీ గారు. ముగ్గురూ మంచివాళ్లే, విడివిడిగా. ఒకచోట కూర్చుంటే గోడ రంగు దగ్గరే రెండు నెలలు గడిచాయి. ఫౌంటెన్ మీద చర్చి గుర్తని చేప వద్దన్నారు, యూదుల గుర్తని నక్షత్రం వద్దన్నారు, మసీదు గుర్తని నెలవంక వద్దన్నారు. "అన్నీ వద్దంటే ఏం కట్టమంటారు?" అని అడిగాను. ముగ్గురికీ చెందేది ఏదైనా ఉంటే తెమ్మన్నారు, లేకపోతే ఆ మూల ప్లాస్టిక్ మొక్క పెట్టేస్తారట.

ప్లాస్టిక్ మొక్క! నా కంఠంలో ప్రాణం ఉండగా జరగదు.

నువ్వు ఆరేళ్లుగా చదువుతున్నది ఇలాంటిదేగా? ఎవరో ఒకాయన చెప్పింది మూడు మతాల్లోకీ ఎలా చేరిందని. అదేదో నాకు తలకెక్కేట్టు రాయి. కొలతలు కూడా రాయి.

మామయ్య

జనవరి 15

మామయ్యా,

నీ ఉత్తరం చూసి లైబ్రరీలో గట్టిగా నవ్వేశాను, నా బల్ల చుట్టూ ఉన్న నలుగురూ లేచి వేరే బల్లకి వెళ్లారు. ఆరేళ్లలో "ఎప్పుడు పూర్తవుతుంది?" అని మన ఇంట్లో అడగనివాళ్లు లేరు. "ఏమిటది?" అని అడిగింది నువ్వొక్కడివే.

దాని పేరు నియోప్లేటోనిజం. పేరు చూసి బెదిరిపోకు. పదిహేడు వందల ఏళ్ల కిందటి గ్రీకు ముసలాయన ఒకరు దానికి మూలపురుషుడు. తన బొమ్మ గీస్తామంటే ఒప్పుకోలేదు, పుట్టినరోజు ఎప్పుడంటే చెప్పలేదు. థీసిస్‌లో తప్ప నేను ఆయన్ని పేరు పెట్టి పిలవను. ఉత్త ముసలాయన అంటాను.

ఆయన చెప్పేదేమిటంటే, అన్నిటికీ ముందు ఒక్కటుంది. అది ఇలా ఉంటుందని చెప్పడానికి ఏ మాటా చాలదు. ఇలాంటిది కాదు, అలాంటిది కాదు అని ఒక్కొక్కటే తీసేసుకుంటూ పోవాల్సిందే. ఆ ఒక్కటి నిండుగా ఉంటుంది. నిండుగా ఉన్నది పొర్లుతుంది. కావాలని పొర్లదు, నిండుతనం కొద్దీ పొర్లుతుంది. పొర్లినదాంట్లోంచి బుద్ధి పుట్టింది. బుద్ధి పొర్లితే ఆత్మ, ఆత్మ పొర్లితే ఈ లోకం. మనం, చెట్లు, రాళ్లు, నీ పానాలు అన్నీ. ఇంత పొర్లినా పైది చుక్క తగ్గదు, కదలదు, చప్పుడు చేయదు. కిందున్న ప్రతిదీ మాత్రం వచ్చిన చోటు వైపు తిరిగి చూస్తూ, అక్కడికి చేరాలని ఆరాటపడుతుంది.

ఈ భావం మూడు మతాల్లోకీ పాకింది. అసలు ఈ ముగ్గురూ ముసలాయన వంటింట్లోంచి గిన్నెలు అరువు తెచ్చుకున్నవాళ్లే. తిరిగిచ్చిన పాపాన ఎవరూ పోలేదు సరికదా, అడుగున తమ పేర్లు చెక్కించుకున్నారు.

నా గోల కూడా విను. ఆఖరి అధ్యాయం ఏడాదిగా కదలడం లేదు. ముసలాయన చెప్పిన ఒక్కటికి ఏ అవసరమూ లేదు, మన వైపు తిరిగి కూడా చూడదు. ఈ మూడు మతాల దేవుడేమో చూస్తాడు, వింటాడు. ఏ అవసరమూ లేనిదానికి మనిషి ఎందుకు మొరపెట్టుకోవాలి? దీనికి జవాబు రాయనిదే థీసిస్ తీసుకోనన్నారు మా గైడు గారు. జూన్ ఆఖరు గడువు.

కొలతలంటావా, ముసలాయనది కొలతకి అందని వ్యవహారం. మూడు గిన్నెలు, ఒకదాని కింద ఒకటి అనుకో.

అత్తయ్యకి ముద్దులు.

పిడుగు

ఫిబ్రవరి 6

పిడుగూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అత్తయ్యకి వినిపిస్తే, "ఇంత చిన్న విషయానికి ఆరేళ్లా?" అంది. నీ తరఫున నేను పోట్లాడాను, గుర్తుపెట్టుకో.

నువ్వు రాసినవన్నీ ఒక కాగితం మీద వరసగా ఎక్కించుకున్నాను. పై గిన్నె చుక్క తగ్గకూడదు. కదలకూడదు. చప్పుడు చేయకూడదు. అయినా పొర్లాలి. ఇన్నేళ్లలో ఇంత పెడసరపు ఆసామి నాకు తగల్లేదు. మామూలు ఫౌంటెన్‌లో నీళ్లు పైకి చిమ్ముతాయి, చిమ్మితే కదలికా చప్పుడూ రెండూ వస్తాయి. వారం రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. చివరికి దొరికింది. సన్న పైపు పెడితే నీళ్లు చిమ్ముతాయి, లావు పైపు పెడితే ఉబుకుతాయి. రాతి గిన్నె కాడ మధ్యలోంచి మూడంగుళాల పైపు వేశాను. నీళ్లు కిందినుంచి మెల్లగా వచ్చి నిండి, పైన అద్దంలా నిలబడి, అంచు చుట్టూ పల్చటి పొరలా జారుతున్నాయి. అంచు వెంట్రుకవాసి ఎగుడుదిగుడుగా ఉన్నా నీళ్లన్నీ ఒకే పక్కకి కారిపోతాయి. అందుకని రసమట్టం పెట్టి చూసుకుంటూ తొమ్మిది రోజులు చేత్తోనే అరగదీశాను. వేళ్లకి తోలు మిగల్లేదు.

దుకాణంలో మొదటిసారి నీళ్లు వదిలినప్పుడు అత్తయ్య కుర్చీ లాక్కుని కూర్చుని, ఇరవై నిమిషాలు ఒక్క మాట మాట్లాడలేదు. మా సంసారంలో అది రికార్డు.

ఒక్కటి తేలడం లేదు. నీళ్లు కిందికి రావడం సరే, అందులో మీ ముసలాయన కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. మళ్లీ పైకి వెళ్లాలన్నాడే, దేనితో వెళ్తాయి? నాకు అర హార్స్‌పవర్ మోటారు కావాల్సి వచ్చింది. ఆయన దగ్గర మోటారేది?

మామయ్య

ఫిబ్రవరి 12

మామయ్యా,

ఆయన మోటారు ప్రేమ. నవ్వకు. ప్రతిదానికీ తాను పుట్టిన చోటు మీద మమకారం ఉంటుందట, ఆ లాగుడే పైకి తీసుకెళ్తుందట. నీ మోటారు వెనక నుంచి తోస్తుంది, ఆయనది ముందు నుంచి లాగుతుంది. అంతే తేడా.

మా గైడు గారికి నీ ఉత్తరం చదివి వినిపించాను. పన్నెండేళ్లుగా క్లాసులో "నిండి పొర్లడం" గురించి పాఠం చెబుతున్నారు, పైపు లావు ఎంత ఉండాలో ఒక్కసారీ తట్టలేదట. ఆయన చాలా నొచ్చుకున్నారు.

కమిటీ ముందుకి ఎప్పుడు వెళ్తున్నావు? భయపడకు. నేను రాసిందాని సారం నీ మాటల్లో చెప్పు చాలు.

పిడుగు

ఫిబ్రవరి 25

పిడుగూ,

మనం గెలిచినట్టే! నిన్న కమిటీ కూర్చుంది. నా మాటల్లో చెప్పమన్నావు. నా మాటలు పంపుల దాకా బాగానే ఉంటాయి, దేవుడి దాకా వెళ్తే తడబడతాయి. అందుకని నీ జనవరి ఉత్తరమే తీసి, మొదటి నుంచీ చదివేశాను.

ముసలాయన పొర్లడం దగ్గర తలలూపారు. అరువు గిన్నెల దగ్గరికి వచ్చేసరికి ముగ్గురూ ఒక్కసారే లేచి నిలబడ్డారు. ఇంత గౌరవం నేను కలలో కూడా అనుకోలేదు. పాస్టర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఇమామ్ గారు "ఎవరీ అమ్మాయి?" అని రెండుసార్లు అడిగారు. నా మేనకోడలండీ అని ఛాతీ విరుచుకుని చెప్పాను. రబ్బీ గారు కాగితం నా చేతిలోంచి తీసుకుని, ఆ ముక్క మళ్లీ చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. దాచుకుంటారు కాబోలు.

తర్వాత సూపరింటెండెంటమ్మ, "ప్రస్తుతానికి పని ఆపండి మేస్త్రిగారూ" అంది. ప్రారంభోత్సవం పెద్ద ఎత్తున చేసే ఆలోచనలో ఉన్నట్టున్నారు.

గర్వంతో,
మామయ్య

ఫిబ్రవరి 28

మామయ్యా! అయ్యో మామయ్యా!

అది గౌరవం కాదు. కోపం! పెద్దవాళ్లు ముగ్గురిని పట్టుకుని అరువు తెచ్చుకుని ఎగ్గొట్టారన్నాను, నువ్వు దాన్ని వాళ్ల మొహం మీదే చదివి వినిపించావు. కళ్లజోడు తుడుచుకున్నది కళ్లు ఎర్రబడి. ఉత్తరం జేబులో పెట్టుకున్నది దాచుకోవడానికి కాదు, సాక్ష్యానికి. పని ఆపమన్నది ఆపమనే!

తప్పు నీది కాదు. నా నోటిదురుసు సంగతి చిన్నప్పటి నుంచీ ఇంట్లో అందరూ చెబుతూనే ఉన్నారు. సరదాకి రాసిన ఒక్క వాక్యం నీ తొమ్మిది రోజుల కష్టాన్ని ముంచేసింది. ఈ కవరులో క్షమాపణ ఉత్తరాలు మూడు పెట్టాను, ఒక్కొక్కరికీ విడిగా. దయచేసి ఇచ్చెయ్యి. చదివి వినిపించకు, చేతికివ్వు.

ఆ గదిలో ప్లాస్టిక్ మొక్క వచ్చిందంటే నేను మీ ఇంటి గడప తొక్కలేను.

పిడుగు

మార్చి 17

పిడుగూ,

ఆలస్యానికి తిట్టుకోకు, ఇక్కడ ఊపిరి సలపడం లేదు.

నీ ఉత్తరం పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తాను. "నిజంగా కోపమేనంటావా?" అని అత్తయ్యని అడిగాను. "మీరు చెప్పిన రోజే నాకు తెలుసు. అంత సంతోషంగా ఉన్న మనిషిని చూసి చూసి ఎందుకు చెడగొట్టాలని ఊరుకున్నా" అంది.

క్షమాపణలు జేబులో వేసుకుని బయల్దేరబోతుంటే, ముగ్గురూ నా దుకాణం ముందే దిగారు. ఒక్కొక్కరి చంకలో ఒక్కో పుస్తకం. నీ మాట అబద్ధమని నిరూపించడానికి వారం రోజులు విడివిడిగా వెతుక్కున్నారట.

ముందు పాస్టర్ గారు కూర్చున్నారు, పైపుల కట్ట మీద. "మేం ఎవరి దగ్గరా ఏదీ తెచ్చుకోలేదని చెబుదామని వెతికాను, తేలింది వేరు" అన్నారు. వాళ్లు వందల ఏళ్లు నెత్తిన పెట్టుకున్న ఒక సన్యాసి రాతలు ముసలాయన శిష్యపరంపర భావాలేనట. పైగా ఆ సన్యాసి తన పేరు పెట్టుకోకుండా పాతకాలపు భక్తుడొకరి పేరు పెట్టుకున్నాడట. ఇమామ్ గారు ఫక్కున నవ్వేశారు. అరబ్బీలో ముసలాయన మాటలు చాలాకాలం ఇంకో గ్రీకు గురువు పేరుతో చదివారట, అట్ట మీద పేరే తప్పట! రబ్బీ గారు అప్పటిదాకా ఓపిక పట్టి, "ఇంక నా వంతు" అన్నారు. వాళ్ల కవి ఒకాయన ఇదే దారిలో అరబ్బీలో తత్త్వం రాస్తే, అది లాటిన్‌లోకి పోయి, క్రైస్తవ పండితులు దాదాపు ఏడు వందల ఏళ్లు చదువుకున్నారట, రాసింది యూదుడని తెలియకుండానే. "మా వాణ్ణి మీ ఇంట్లో పెట్టుకుని, ఎవరబ్బాయివి నాయనా అని ఒక్కరైనా అడిగారా?" అని పాస్టర్ గారిని నిలదీశారు. పాస్టర్ గారు నవ్వి నవ్వి పైపుల మీంచి జారిపడ్డారు. ఇప్పుడు ప్రతి గురువారం ముగ్గురూ మా దుకాణంలోనే. పానాలు పెట్టుకోవడానికి నాకే చోటు లేదు. నీ క్షమాపణలు జేబులోనే ఉన్నాయి, ఎవరూ అడగందే ఇవ్వడం ఎలా?

ఇంతా చేస్తే సూపరింటెండెంటమ్మ దగ్గర బండి ఆగింది. "నిన్నటిదాకా మీరు ముగ్గురూ కొట్టుకున్నారు. రేపు రోగుల మనుషులు కొట్టుకుంటే నాకెవరు దిక్కు?" అంది. ఆవిడ షరతు ఇది. ఫౌంటెన్ బిగించి ఏప్రిల్ నెలంతా నడపాలి. తలుపు దగ్గర ఫిర్యాదుల పుస్తకం పెడతారు. నెలాఖరుకి అయిదు ఫిర్యాదులు దాటితే ఊడదీసి మొక్క పెట్టేస్తారు. మధ్యలో పుస్తకం తెరిచే అధికారం నాకు లేదు.

ఇమామ్ గారు నిన్నొకటి అడగమన్నారు. ముసలాయన చెప్పినదానికి ఏ అవసరమూ లేనప్పుడు, ఆ గదిలో కూర్చున్న మనిషి ఎవరితో మొరపెట్టుకోవాలి?

మామయ్య

మార్చి 24

మామయ్యా,

మూడు రోజులుగా నేలమీద నడవడం లేదు. పైపుల మీంచి జారిపడ్డ పాస్టర్ గారికి దెబ్బ తగల్లేదు కదా?

ఇమామ్ గారికి నా నమస్కారాలు చెప్పి, ఆయన అడిగిన చోటే నేను ఏడాదిగా కూలబడ్డానని చెప్పు. ముసలాయన దగ్గర జవాబు లేకపోలేదు. ప్రార్థన అంటే అడగడం కాదు, మన మనసు దాని వైపు తిరగడమే అంటాడు. వాదన బాగానే ఉంది. కానీ లోపల భార్యకి ఆపరేషన్ జరుగుతుంటే బయట కూర్చున్నవాడికి ఈ ముక్క నేను చెప్పగలనా? నీకైతే చెప్పగలిగేదాన్నా? అందుకే కలం సాగడం లేదు.

ఫిర్యాదుల పుస్తకం సంగతే నాకు భయంగా ఉంది. నీళ్ల చప్పుడుకి మాటిమాటికీ బాత్రూముకి వెళ్లాల్సొస్తోందని అయిదుగురు రాస్తే మన పని అంతే.

పిడుగు

మే 2

పిడుగూ,

ఈ నెలంతా నేను చచ్చి బతికాను.

ఫౌంటెన్ బ్రహ్మాండంగా నడిచింది. మోటారుని గోడ అవతల అలమరలో రబ్బరు ముక్కల మీద కూర్చోబెట్టాను, చెవి ఆనించినా వినబడదు. రోజుకొక చెంబెడు నీళ్లు ఆవిరైపోతున్నాయి, మీ ముసలాయనకి చెప్పకు. ఇమామ్ గారు పొద్దున్నే వస్తూ పోసి వెళ్తున్నారు.

కానీ ఏం లాభం! ఎప్పుడు వెళ్లినా ఎవరో ఒకరు ఆ పుస్తకం మీద వంగి రాస్తూనే ఉన్నారు. ఒక పెద్దాయన గోడకి ఆనుకుని రెండు పేజీలు రాశాడు. ఒకావిడ రాస్తూ రాస్తూ పెన్ను విదిలించింది. వారం తిరక్కుండా సగం పుస్తకం నిండింది. అయిదు ఫిర్యాదులేమిటి, అయిదొందలు ఉన్నట్టున్నాయి. అత్తయ్యతో అనలేదు గానీ, నిన్న మీటింగుకి వెళ్తూ ఊడదీయడానికి పెద్ద పానా సంచిలో వేసుకునే వెళ్లాను.

సూపరింటెండెంటమ్మ పుస్తకం తెరిచి, మొదటి పేజీ పైకి చదివింది. "నాన్నకి ఎల్లుండి ఆపరేషన్. డాక్టరుగారికి ఆ పూట చెయ్యి వణక్కూడదు." ఆవిడ తలెత్తి మా వైపు చూసి, పేజీ తిప్పింది. "తమ్ముడు ఇంటికొస్తే నా సైకిల్ ఇచ్చేస్తా. గంట మాత్రం ఇవ్వను." ఇంకోటి. "ఏం రాయాలో తెలియడం లేదు. కాసేపు కూర్చున్నాను." ఇంకోటి. "పాప ఇవాళ పాలు తాగింది. చెబుదామనిపించింది." పేజీ తర్వాత పేజీ అంతే, పిడుగూ. నాకు కళ్లు మసకలు కమ్మాయి.

"ఒక్క ఫిర్యాదూ లేదా?" అని రబ్బీ గారు అడిగారు. వెతికితే ఒకటి దొరికింది. "ఈ గది సాయంత్రం ఆరింటికే మూసేస్తున్నారు. ఇది అన్యాయం."

పాస్టర్ గారు పుస్తకం తీసుకుని మళ్లీ మొదటి నుంచీ తిప్పారు. "విచిత్రం చూశారా, ఎవరికి రాస్తున్నారో ఒక్కరూ పేరు రాయలేదు" అన్నారు. ఇమామ్ గారు, "మంచిదైంది. రాసుంటే మనలో ఇద్దరం ఇంటికి మొహం వేలాడేసుకుని వెళ్లేవాళ్లం" అన్నారు. ఆసుపత్రి అని కూడా మర్చిపోయి నవ్వాం.

సూపరింటెండెంటమ్మ కళ్లజోడు తుడుచుకుంది. ఈసారి ఎందుకో నాకు సరిగ్గానే అర్థమైంది. గుమాస్తాని పిలిచి, "ఇంకో పుస్తకం తెప్పించండి. లావుది" అంది. పానా మోసుకుంటూ ఇంటికి వచ్చాను. జీవితంలో ఇంత తేలిగ్గా ఏ పానా మోయలేదు.

మామయ్య

మే 10

మామయ్యా,

నీ ఉత్తరం లైబ్రరీలో చదవలేకపోయాను, మెట్ల మీదికి వచ్చి చదివాను. మొదటిసారి నవ్వుతూ, రెండోసారి ఏడుస్తూ. ఆ పాప పాలు తాగిందని రాసినవాళ్లని ఒకసారి చూడాలని ఉంది.

ఏ అవసరమూ లేనిదానికి ఎందుకు మొరపెట్టుకోవాలని ఏడాదిగా అడుగుతున్నాను. ప్రశ్నే తిరగేసి అడిగానని ఇప్పుడు తెలిసింది. మననుంచి ఏదో కావాల్సినవాళ్ల దగ్గర మనం ఆచితూచి మాట్లాడతాం. ఏదీ అక్కర్లేనిదాని దగ్గరే సైకిల్ ఇస్తాను, గంట ఇవ్వనని నిజం చెప్పగలం. ముసలాయన ఆ ఒక్కటిని అంత దూరంగా, అంత నిండుగా పెట్టాడు కాబట్టే మూడు మతాలవాళ్లూ దానికి అంత దగ్గరగా వెళ్లి చెప్పుకోగలిగారు. ఇమామ్ గారికి ఇదే నా జవాబు. ఒప్పుకోకపోతే గురువారం దుకాణంలో తేల్చుకుందాం. శనివారం బయల్దేరి వస్తున్నాను, పది రోజులు ఉంటాను.

ఇంకొకటి నీకు చెప్పాలి. అత్తయ్య పడుకున్న ఏడు వారాలూ థీసిస్ పనుందని నేను రాలేదు. రోజూ ముసలాయన రాతలు ముందేసుకుని కూర్చునేదాన్ని, ఒక్క ముక్క తలకెక్కేది కాదు. "అది మన వైపు చూడదు" అన్న చోట నేనే ఎర్రపెన్సిలుతో గీత గీశాను. ఆ గీత మీద చెయ్యి పెట్టుకునే, అత్తయ్య లేచి కూర్చోవాలి, అత్తయ్య లేచి కూర్చోవాలి అని అనుకుంటూ ఉండేదాన్ని. ఎవరితో అంటున్నానో ఒక్కసారీ ఆలోచించలేదు.

ఆఖరి అధ్యాయం నాలుగు రోజుల్లో అయిపోయింది. దాని మొదటి వాక్యం ఇది: "ఏ అవసరమూ లేనిదానికి మొరపెట్టుకున్నవాళ్లలో ఈ అధ్యాయం రాసిన మనిషి కూడా ఉంది."

గైడు గారు అది రెండుసార్లు చదివారు. పరిశోధనలో ఇలాంటివి రాయకూడదమ్మా అన్నారు. నేను కొట్టేద్దామని పెన్ను తీశాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "ఉండనీ" అన్నారు.

పిడుగు